తలుపుకాడి నల్లపండ్ల చెట్టు

మానుకోట,
20-2-2011, ఆదివారం

తమ్ముడు వెంకట్రాజానికి అక్క రాజమణి రాసేది.

ఈడ నేను తిరుగుతనే ఉన్న. ఆడ భూపాలపల్లిల నువ్వు, నీ కొడుకు సందీపు, కోడలు శ్రావ్య పాణం మంచిగ ఉన్నరనుకుంటున్న. ఫోన్ చెయ్యరాదా అని రాస్తవు గని, నా చెవులకు ఫోన్ల నీ మాట చాటల బియ్యం చెరిగినట్టు ఇనబడ్తది, ఒక్క ముక్క సమజ్ కాదు. కాయితమే మంచిది. మల్ల మల్ల సదువుకోవచ్చు. నీ పోయిన కాయితం పదకొండు మాట్ల సదివిన. అండ్ల దగ్గు తగ్గింది అని రాసినవు. తగ్గింది అంటె పోలేదనే గదా? పోతె పోయింది అని రాస్తవు. మిరియాలు ఏసిన పాలు తాగు.

ఇగ నేను రాయాలనుకున్న ముచ్చట. దంతాలపల్లి దిక్కు తండా మాన్‌సింగ్ యాదికున్నడా? మీ బావ దుకాణం నడిపినన్ని రోజులు ఉప్పు నుంచి చెప్పుల దాక మన దగ్గరనే కొంటుండె. ఆయన రెండేండ్లు పూనా అవుతల గుట్టల మీద ఏదో పండ్ల తోటల పనిచేసి, నిరుడు వానకాలం మొదట్ల వచ్చిండు. తడి గోనెసంచిల చుట్టిన వేరు ఒకటి నా చేతుల పెట్టి, "సావుకారమ్మా, మీ పెరడు ఉత్తగ పడున్నది, ఇది నాటు. బ్లాక్‌బెర్రీ అంటరు" అన్నడు. ఆ పేరుకు నా నోరు తిరుగది. నేను నల్లపండ్ల చెట్టు అంటున్న. చెట్టంటె చెట్టు కాదు, తీగంటె తీగ కాదు. భూమిలకెళ్లి వేలు లావు కట్టెలు లేసి నా ఎత్తు దాటినయి. ఒళ్లంత ముండ్లే.

ఆ కట్టెలకే దీపావళి ముందట తెల్లపూత పూసి, చలికాలమంత పండ్లు కాసింది. పట్టుపురుగుల చెట్టు పండు చూసినవు గదా, దానికి అన్న లెక్కుంటది. మొదలు పచ్చగ, ఎన్క ఎర్రగ, ఆఖరుకు నల్లగ. పక్కింటి భూదేవికి నాలుగు ఇస్తె నోట్లేసుకొని మొకం వంకర పెట్టి "గిదేం పండక్కా, గింత పులుపు" అన్నది. తొందరపడి తెంపితె పులుపే. ముట్టుకుంటె దానంతటదే చేతుల పడాలె, అప్పుడు పండినట్టు. ఆమెకు మల్ల పిలిచి ఇద్దామంటె రాలే. నేనొక్కదాన్నే ఎన్నని తింట? మిగిలినయి పిట్టలు తిన్నయి.

ఇప్పుడు నా బుగులేందంటె, మాన్‌సింగ్ మొన్నొచ్చి నేలమట్టం కొయ్యమన్నడు. "మామూలు జాతయితె కట్టె ఒక ఏడు ఊకె నిలవడి రెండో ఏడు కాస్తది. ఇది లేసిన ఏడే కాస్తది. పండ్లు అయిపోయినంక ఒక్క కట్టె ఉంచకు సావుకారమ్మా. మల్ల కొత్తయి లేస్తయి, కొత్తవాటికే కాస్తది" అంటడు. పచ్చగున్నదాన్ని ఎట్ల కొయ్యాలె తమ్మీ? కోసినంక లేవకుంటె? అంత దూరం కెళ్లి గోనెసంచిల మోసుకొచ్చిన మనిషికి ఏం జవాబు చెప్పాలె? కత్తి పట్టుకొని పెరట్లకు పోతున్న, చూసి మల్లొస్తున్న. గిట్ల ఆరు రోజులాయె. నువ్వేమంటవు?

మొన్నటి సంది ఆఫీసులల్ల ఎవ్వలు పనిచేస్తలేరు. తెలంగాణ ఇచ్చేదాక గింతే అంటున్నరు. నువ్వు ఊరేగింపులల్లకు పోకు, నీకు గుంపుల దమ్ము ఆడది. పైలం.

నీ అక్క
రాజమణి

*

భూపాలపల్లి,
3-3-2011

అక్కా,

నీ కాయితం అందింది. దగ్గు పోయింది. పోయింది అనే రాస్తున్న, చూసుకో.

చెట్టును కొయ్యి. గడ్డి కోసినట్టు కొయ్యి. చిన్నప్పుడు కొడకండ్ల ఊర్ల నాకు గుండు చేయించిన నాడు నువ్వు మంగలి చెయ్యి పట్టుకొని ఏడ్చినవని అమ్మ చెప్పేది, తమ్మునికి ఇగ ఎంటికలు రావని. వచ్చినయా లేదా? ఇప్పుడు పోయినయి, అది వేరే సంగతి.

మాన్‌సింగ్ తోటల పనిచేసొచ్చినోడు. నువ్వు పెరట్ల నిలవడి బుగులు పడేటిదానివి. ఎవలి మాట ఇనాలెనో నువ్వే చెప్పు.

దుకాణం నడుస్తున్నది. బొగ్గుబాయి దొర్లు, కార్మికులు అందరు ఉద్దెమంలనే ఉన్నరు. నేను గుంపులల్లకు పోను. గుంపులే నా దుకాణం ముంగట కెళ్లి పోతున్నయి.

వెంకట్రాజం

*

మానుకోట,
24-7-2011

రాజం తమ్మునికి రాజమణి.

వానలు పడ్డయి. నీ మాట సగం ఇన్న. అంటె చెట్టును సగం కోసిన, సగం ఉంచిన. అంత ఒక్కసారే కొయ్య నాకు చెయ్యి రాలే. ఉంచిన సగం ఉగాదికి పూసింది గని, కాయలన్ని ఎండకు మాడి మిరియాల లెక్క రాలినయి, ఆ కట్టెలు కూడ ఎండిపోయినయి. కోసిన సగం చూడు, వాన పడంగనే బుస్సుమని లేసింది. నువ్వూ మాన్‌సింగూ చెప్పిందే నిజమాయె. నా బుగులు మొక్కకే కష్టం తెచ్చింది.

ఇంకోటి చెప్తె నవ్వుతవు. కొత్త కట్టె ఒకటి పొడుగు పెరిగి వంగింది. మాన్‌సింగ్ దాని కొనను భూమికి తాకిచ్చి, పిడికెడు మట్టి పోసి, మీద ఇటుక పెట్టమన్నడు. పెట్టిన. రోజూ ఇటుక లేపి చూసుడే నా పని. "కోడి గుడ్ల మీద కూసున్నట్టు కూసోకు సావుకారమ్మా, జర దాన్నిడువు" అని మాన్‌సింగ్ పెండ్లాం నీలి ఒకటే నవ్వుడు. ఇరవై రోజులకు చూస్తె, తల పెట్టిన కాడ తెల్లగ వేర్లు పుట్టినయి! తల్లికి తగిలి ఉన్నన్ని రోజులు తల్లి నీల్లు తాగుతదట. వేరు బలమైనంక కోసి ఎవలకన్న ఇయ్యొచ్చట.

నీ ఇంటి పెరట్ల బాయి గడ్డ పక్కన ఎండ ఎంతసేపు పడ్తది? ఊకెనే అడుగుతున్న. జామచెట్టు నీడ మొత్తం కమ్మిందా? తూర్పు దిక్కు జాగ ఉన్నదా? ఊకెనే.

రాజం, నీ ఇంటి గడప తొక్కి నాకు ఏడేండ్లాయె. మరదలు సుగుణ పదో దినం నాడు, "ముందుగాల్లనే పెద్ద దవాఖానకు తోల్కపోతె మనిషి దక్కు" అని నేను నలుగుర్ల అన్న. ఏడ్సుకుంట అన్న, గని అన్న. నువ్వు పండ్లెం ముందు కెళ్లి లేసిపోయినవు. నాలుగేండ్లు కాయితం లేదు, మాట లేదు. ఎన్క రాసుడు మొదలువెట్టినవు. ఎండ, వాన, దుకాణం అన్ని రాస్తవు. "అక్కా, ఒక్కసారి వచ్చిపో" అని మాత్రం రాయవు. పిల్లలు లేనిదాన్ని, మీ బావ పోయిండు, నాకు పుట్టిల్లంటె నీ ఇల్లే. కోపముంటె కోపమని రాయి, బతుకుత. ఏం రాయకుంటెనే నాకు పాణం కొట్టుకుంటది.

కోడలు శ్రావ్యకు నా దీవెనలు చెప్పు. ఒక్కనాడు ఒక్క ముక్క రాయది పిల్ల. ఆమెకు కూడ కోపమేనా?

అక్క

*

భూపాలపల్లి,
7-8-2011

అక్కా,

బాయి గడ్డకు తూర్పు దిక్కు ఎండ పొద్దుగాల నుంచి పదకొండు దాక పడ్తది. జామచెట్టు ఉన్నది. జాగ మస్తుగున్నది. శ్రావ్యకు పిల్లల సదువుతోని తీరిక లేదు, కోపమేం లేదు.

ఈడ వానలు బాగున్నయి. బియ్యం బస్తలకు చెమ్మ పట్టకుంట కింద కట్టెలు పెట్టిన.

నువ్వు మోకాళ్ల మీద కూసొని ఇటుకలు లేపకు.

వెంకట్రాజం

*

భూపాలపల్లి,
30-8-2011

అక్కా,

మొన్న ఒక చిత్రమైంది. మాన్‌సింగ్ గణపురం దిక్కు ఇచ్చిన బిడ్డ అనితను చూడవోతూ నా దుకాణం కాడ దిగిండు. చంకల గోనెసంచి. అండ్ల నీ చెట్టు పిల్ల! "నా తరుపున మీకు, వేరేవాళ్లది కాదు, నాదే" అని మూడు మాట్ల చెప్పిండు. మనిషంటె వాడు. ఎప్పుడో ఉప్పు పప్పు కొన్న దుకాణపామె తమ్ముడని మొక్క మోసుకొచ్చిండు. నువ్వేమో ఎండ ఎంత, నీడ ఎంత అని లెక్కలడుగుడే గని ఒక్క కొమ్మ పంపకపోతివి.

చాయ్ తాగిపించిన. నాటిన. గోడకు ఆనించి పెట్టిన. మంచిగున్నది.

వెంకట్రాజం

*

మానుకోట,
9-9-2011

తమ్ముడు వెంకట్రాజానికి,

నీ కాయితం సదివి అన్నం తినలే. ఎందుకో రాయరాదు. రాస్తె మంచిది కాదు. నేను ఒక్క కొమ్మ పంపలే అన్నవు గదా, కానియ్. అట్లనే అనుకో. మాన్‌సింగే ఇచ్చిండు. మంచోడు.

గని మొక్కది ఇను. ఇది పూతకు వచ్చే కాలం. మట్టి ఎండనియ్యకు, నీల్లు నిలవనియ్యకు. గోడకు ఆనించినవంటె ఏ దిక్కు గోడ? పడమటి గోడయితె మాపటి ఎండ కాలుస్తది. ఇంటి ముంగట మాత్రం పెట్టకు, ముండ్ల చెట్టు వాకిట్ల ఉంటె ఇంట్ల పంచాది అంటరు. ఎన్కకే పెట్టు. సందీపు పిల్లలను దగ్గరికి పోనియ్యకు. కట్టెలను ఇప్పుడు కొయ్యొద్దు. పండ్లు అయినంకనే కొయ్యాలె. ఇది రెండు మాట్ల రాస్తున్న. ఇప్పుడు కొయ్యొద్దు.

పదమూడో తారీకు నుంచి అందరు సమ్మె అంట. సార్లు, బస్సులు, బొగ్గుబాయిలు అన్ని బందు. ఎన్నొద్దులో తెల్వది. నూనె, మందులు తెచ్చిపెట్టుకో. నాకు దిక్కుండది అనుకోకు, భూదేవి పక్కనే ఉన్నది.

రాజమణి

*

భూపాలపల్లి,
18-9-2011

అక్కా,

సమ్మె మొదలై ఆరు రోజులు. బాయిల బండ్లు ఆగినయి. పొద్దుగాల సైరన్ లేకపోతె ఎప్పుడు లేవాలెనో తెలుస్తలేదు. కార్మికులు రోడ్డు మీద డేరా కింద కూసుంటున్నరు. నా దుకాణంల చక్కెర, చాపత్తి ఆళ్లకే పోతున్నది. నేను కూడ పోయి కూసుంటున్న. నాకేం దమ్ము ఆడకపోలే. అందరి నడుమ కూసుంటె పొద్దు పోతున్నది.

నీ దగ్గర కెళ్లి కాయితం వస్తలేదు. డాకు సంచులు బస్సులల్లనే వస్తయట, బస్సులు లేవు.

మొక్క మస్తు పెరిగింది. కట్టెలు వంగి తలుపు పెట్టనిస్తలేవు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చెయ్యి గీరుకుంటున్న. అందుకే మొన్న కత్తెర పట్టి నేలమట్టం కోసిన. నువ్వే రాసినవు గదా, నేలమట్టం కొయ్యాలె, మల్ల లేస్తదని. నీ లెక్క ఆరు రోజులు చూడలే. ఒక్క నిమిషంల కోసిన. పరేషాన్ కాకు.

వెంకట్రాజం

*

మానుకోట,
29-9-2011

రాజం,

ఇది నేను రాసుడు మూడో కాయితం. ఏదన్న అందిందా? నీ దగ్గర కెళ్లి నెల రోజులాయె ముక్క లేదు. భూదేవి మనుమనితోని నీ నంబరుకు ఫోన్ చేయించిన, స్విచ్చాఫ్ అన్నడు. కరెంటు లేక చార్జి లేదేమో అన్నడు. గట్లనే కావాలె.

మొన్న రైళ్లు ఆపిండ్లు. నిరుడు ఎండకాలం మన టేషన్ కాడ రాళ్లు లేసిన నాటి సంది నాకు ఆ దిక్కు లొల్లి అంటెనే బుగులు. తలుపేసుకొని కూసున్న. ఇయ్యాల ఆడోల్లందరు బతుకమ్మను రోడ్డు మీద, ఆఫీసు ముంగట పెట్టి ఆడుతున్నరు. నా దొడ్ల బంతిపూలు తెంపుకపోయిండ్లు. తెంపుకపోని. ఆటకు నన్నెవ్వలు పిలవలే. ముసలిది, మీదికెల్లి ముండమోసింది, ఏం పిలుస్తరు. కిటికీల నుంచి చూసిన.

నా చెట్టు మొగ్గ కట్టింది. నీది కూడ కట్టి ఉంటది. రెండు ఒక్క తల్లి పిల్లలే గదా. గదే ధైర్నంతోని పడుకుంటున్న. ఒక్క ముక్క రాయి. ఉన్న అని రాసినా చాలు.

అక్క

*

మానుకోట,
14-10-2011

తమ్ముడు వెంకట్రాజానికి,

నువ్వు పోయిన నెల పద్దెనిమిది నాడు రాసిన కాయితం మొన్న పన్నెండు నాడు అందింది. కోసిన అని సదివి నేను పెరట్లకు పోయి అరుగు మీద కూలవడ్డ. మొగ్గ కట్టే నెలల ఎవలన్న కోస్తరా? కొయ్యొద్దు కొయ్యొద్దని రాసిన కాయితం నీకు అందనే లేదేమో. అందినా కోసినవేమో. సుగుణ దినాల నాటి కోపం తీర్చుకున్నడు, ముండ్ల చెట్టు ముండ్ల చెట్టు లెక్కనే పనిచేసింది అనుకున్న. నిన్ను తిట్టుకుంట ఒక కాయితం రాసిన. పొయ్యిల ఏసిన.

మల్ల నీ కాయితం తీసి సదివిన. నాకు వేరే పనేమున్నది, సదువుడే. అయిదోసారో ఆరోసారో సదివినప్పుడు ఒక మాట కాడ నా వేలు ఆగింది. "తలుపు పెట్టనిస్తలేవు" అని రాసినవు. బాయి గడ్డకు తూర్పున, గోడకు ఆనించి నాటిన మొక్క తలుపుకు ఎందుకు అడ్డమొస్తది? ఆ ఇంట్ల పెరటి తలుపుకు, బాయికి నడుమ ఇరవై అడుగులున్నది. నేను ఆడ బట్టలు ఆరేసిన.

మాన్‌సింగును పిలిపించిన. "ఆ పెరడు ఎట్లున్నది? జామచెట్టు కాస్తున్నదా?" అని అడిగిన. ఆయన భూమి దిక్కు చూసిండు. నీలి ఊకోలే. "చెప్పరాదు ఓ మొగోడా, ముసలామె గంతగనం అడుగుతాంటె! ఆయన చెప్పొద్దన్నడని నోరు కుట్టుకుంటవా?" అని ఎగవడ్డది. అప్పుడు చెప్పిండు. "పెరడు లేదు సావుకారమ్మా. దుకాణం ఎన్క ఒక్క రూము. మొక్కను నూనె డబ్బల పెట్టి తలుపు పక్కన ఉంచిండు. ఎండ ఆడనే పడ్తది. ఒక్కడే ఉన్నడు" అని.

ఇల్లు ఏమైంది అని నేను అడుగ. సందీపు, శ్రావ్య యాడున్నరో అడుగ. నువ్వెప్పుడు చెప్పాలనుకుంటె అప్పుడు చెప్పు.

నేను కూడ నీతోని ఒకటి దాచిన. ఆ మొక్క నేను పంపిందే. ఇటుక కింద నేను పుట్టిచ్చిన పిల్లనే. తోడవుట్టినోల్లు ఒకలకొకలు ముండ్ల మొక్క చేతికిస్తె నడుమ మాట చెడ్తది అని అమ్మ అనేది, యాదికున్నదా? ముందే ఒకసారి చెడ్డది. మల్ల చెడుతదేమోనని బుగులై, "నాదే అని చెప్పు, మీ అక్కది అనకు" అని మాన్‌సింగుతోని ఒట్టేయించుకున్న. నువ్వేమో ఒక్క కొమ్మ పంపలేవని ఎత్తిపొడిచినవు. చెప్పుకోలేక, మింగలేక సచ్చిన. నేను బుగులు పడుతనని నువ్వు ఇల్లు దాచినవు, బుగులు పడి నేను మొక్కను దాచిన. పాపం మాన్‌సింగ్ ఇద్దరి ఒట్లు మోసుకొని తిరిగిండు.

ఇప్పుడు ఒక్కటే మాట. ఆ డబ్బ పట్టుకొని ఈడికి రా. డబ్బల వేర్లకు జాగ సాలది. తల్లి పక్కన నాటుదాం. బస్సులు నడుస్తె హన్మకొండ దాక రా, ఆడికెల్లి వరంగల్ టేషన్ల రైలెక్కు. ఈడ రెండు అర్రలు ఉత్తగున్నయి.

రాజమణి

*

భూపాలపల్లి,
6-11-2011

అక్కా,

ఇన్ని రోజులు కాయితం రాయనిది కోపంతోని కాదు. ఎట్ల మొదలువెట్టాలెనో తెల్వక.

ఇల్లు అమ్మి రెండేండ్లాయె. సందీపు పిల్లల సదువుకని హన్మకొండల ఇల్లు తీసుకున్నడు, నేనే సంతకం పెట్టిన. ఎవలు బలవంతం చెయ్యలే. నన్ను కూడ తోల్కపోయిండ్లు. నాలుగో అంతస్తు. శ్రావ్య మంచి పిల్ల, యాళ్లకు అన్నం పెట్టేది. గని పొద్దందాక కిటికీల నుంచి కింద పోయే బండ్లు లెక్కపెట్టుడు నాతోని కాలే. నెలకు తిరిగొచ్చి దుకాణం ఎన్క రూములవడ్డ. నీకు రాస్తె నిద్రపోవు. అందుకే పాత పెరడే రాసుకుంట వచ్చిన. రాస్తాంటె నాక్కూడ ఆ బాయి, జామచెట్టు కండ్ల ముందు ఉన్నట్టే ఉండె.

సుగుణ దినాల నాటి మాట మర్సిపోయిన అని రాస్తె అబద్ధమైతది. మర్సిపోలే. నువ్వన్నది నిజం. ఆమె నెల రోజులు నొప్పి నొప్పి అంటె, రేపు పోదాం, దుకాణం మూసినంక పోదాం అన్న. నువ్వు అబద్ధం అని ఉంటె ఆడనే కొట్లాడి మాపటికి కలిసిపోదుము. నిజం అన్నవు గనుకనే నీ మొకం చూడలేకపోయిన. గంతే. కోపమెన్నడు లేదు. ఇగ నిన్ను రమ్మని రాయాలంటె యాడికి రమ్మనాలె? ఒక్క మంచం, నాలుగు బియ్యం బస్తలు, స్టౌ. అక్క వస్తె కూసోబెట్ట పీట లేదు.

నన్ను రమ్మన్నవు. రాను. తమ్ముడంటె పండుగకు చీర పట్టుకొని అక్క గడప తొక్కాలె. ముండ్ల డబ్బ పట్టుకొని, బావ కట్టిన ఇంట్ల కూసొని తినుటానికి రావద్దు. ఒక్కసారి వస్తె నువ్వు పోనియ్యవు, నాకు తెలుసు. నాకు కూడ పోవాలనిపియ్యది, అది ఇంకా తెలుసు.

సమ్మె అయిపోయింది. నలబై రెండు రోజులు. ఏమొచ్చింది అని అడిగితె ఎవలి పనికి ఆళ్లు పోతున్నరు. బాయి సైరన్ మల్ల కొడుతున్నది. డేరా పీకిండ్లు, చాయ్ అడిగేటోల్లు లేరు.

మొక్క సావలే. కోసిన కాడ అయిదు కొత్తయి లేసినయి. జానెడు ఉన్నయి. మల్ల పెరిగి తలుపుకు అడ్డమొస్తయి, అప్పుడు చూస్త.

నీ తమ్ముడు
వెంకట్రాజం

*

మానుకోట,
11-12-2011, ఆదివారం

నా తమ్ముడు రాజానికి,

నీ కాయితం నెల రోజులు బొడ్లె సంచిల పెట్టుకొని తిరిగిన. ఏం రాయాలెనో నాకు కూడ తెల్వలే. నువ్వు రాను అంటె రావు. చిన్నప్పటి సంది గంతే. నిన్ను బతిమిలాడ.

పండ్లు నల్లబడ్డయి. ఈసారి అన్ని కొత్తగ లేసిన కట్టెలే గనుక నిరుటికి రెండింతలు కాసింది. పొద్దుగాల మంచుల పోయి చెయ్యి పెడితె దానంతటదే చేతుల పడ్తున్నది. భూదేవికి మల్ల ఇచ్చిన, ఈసారి "ఇంకో రెండు ఉన్నయా అక్కా" అన్నది. నీలికి గిన్నె నిండ ఇచ్చిన. ఆళ్లకు ఇచ్చినంక కూడ మిగిలినయి. నీకు పంపుదామని డాకాయనను అడిగిన. నవ్విండు. ఈ పండు ఒక్క పూట కంటె ఆగది రాజం. డబ్బల పెట్టి పంపితె నీకు చేరేటాల్లకు సిరా లెక్క అయితది. మాన్‌సింగుతోని పంపుదామంటె ఆయన పత్తి ఏరుట్ల ఉన్నడు. కూసొని ఆలోచన చేసిన. ఈ పండును ఎవలన్న ఒకలు పట్టుకొని, అదే దినం తెచ్చి చేతుల పెట్టాలె. వేరే తొవ్వ లేదు.

అందుకని నేనొస్తున్న.

గురువారం. నీలి నన్ను పొద్దుగాల రైలెక్కిస్త అన్నది. వరంగల్ టేషన్ల దిగి, హన్మకొండకు పోయి, పరకాల మీదికెల్లి వచ్చే బస్సెక్కాలె. ఒక్కదాన్ని రైలెక్కక ఎన్నేండ్లాయెనో. వరంగల్ టేషన్ల రెండు తొవ్వలున్నయట, తప్పు తొవ్వల పోతె? బస్సు బోర్డు నా కండ్లకు ఆనకపోతె? మల్ల ఏదన్న బంద్ పెడితె? స్టీలు గిన్నెల ఆకు పరిచి ఒక్క వరుసనే పెడుత, ఒకదాని మీద ఒకటి పెడితె నలుగుతయి. ఒళ్లె పెట్టుకొని కూసుంట. బ్రేకు ఏస్తె ఏమైతదో. ఇవన్ని నాలుగు రోజుల సంది అనుకుంటనే ఉన్న. అనుకుంటనే సంచి సదురుకున్న.

పీట లేదన్నవు. బస్త మీద కూసుంట. మీ బావ దుకాణంల నలబై ఏండ్లు బస్తల మీదనే కూసున్న. మంచం నీదే, కింద ఒక్క చాప వేస్తె చాలు. రెండు రోజులే ఉంట. ఎన్క మల్ల ఎవలింటికి ఆళ్లం. నిన్ను నా ఇంటికి రమ్మన, నీ ఇంటి పెరడు అడుగ. సుగుణ ముచ్చట కూడ నేను తియ్య. నువ్వు తీస్తె ఇంట.

ఈ కాయితం నాకంటె ముందు వస్తదో, నేనే కాయితం కంటె ముందు వస్తనో తెల్వది. నేనే ముందొస్తె, దుకాణం ముంగట గిన్నె పట్టుకొని నిలవడ్డ ముసలామెను గిరాకి అనుకోకు.

ఇంకోటి. ఆ అయిదు మొలకలు ఇప్పటికి ఎంత పెరిగినయో. తలుపుకు తగిలినా కొయ్యకు. తలుపు ముయ్యరాకపోతె తెరిచే ఉండని.

గురువారం మాపటికల్లా వస్త. నువ్వేం పరేషాన్ కాకు.

నీ అక్క
రాజమణి